జీపుకి పంపు మార్చాను

కాలువగట్టు పేట,
రామచంద్రపురం దగ్గర,
12 నవంబరు 2025, బుధవారం.

మరిది ఫిన్నీకి,

మీ వదిన దీవెన ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఉత్తరం మొదట్లో మేమంతా ఇక్కడ క్షేమం అని రాయాలి. మన ఇంట్లో మేమంతా అంటే ఇప్పుడు అత్తయ్య, నేను. అత్తయ్యకి వేసవిలో కుడి కంటి శుక్లం తీయించాం. చూపు బాగానే వచ్చింది, సూదిలో దారం తనే ఎక్కిస్తోంది. నేను జాకెట్లు కుట్టుకుంటూ ఉన్నాను. నువ్వెలా ఉన్నావో మాకు తెలిసి మూడున్నరేళ్ళయింది.

నీ పాత నంబరు పని చేయడం లేదు. అడ్రసు వెంకటరాజు గారిచ్చారు. నువ్వు పదో తరగతి తప్పాక ఆయన లేత్ షాపులోనే కదా మొదట స్పానరు పట్టుకున్నావు. క్రిస్మస్‌కి ఆయనకి ఫోన్ చేస్తావటగా. విజయవాడ ఆటోనగర్‌లో నువ్వు పనిచేసే షెడ్డు పేరు కాగితం మీద రాసిచ్చి, నేనిచ్చానని మాత్రం చెప్పకండమ్మా అన్నారు. చెప్పేశాను. ఆయన మీద కోపం పెట్టుకోకు.

ఊరి సంగతులు కొన్ని రాస్తాను. మొన్నటి తుపానుకి పొట్ట మీదున్న వరి చేలన్నీ పడిపోయాయి. మన పేటలో కూలికి వెళ్ళేవాళ్ళకి ఈసారి కోతలు ఉండేలా లేవు. పడిన చేలోకి కోత మిషను దిగదు కాబట్టి మనుషుల్నే పిలుస్తారని కొందరు ఆశ పడుతున్నారు. చర్చి గంట తాడు తెగిపోయి నెల రోజులు మోగలేదు, ఇప్పుడు మోగుతోంది. మా నాన్న నువ్వు వెళ్ళిన ఏడాది సెప్టెంబరులోనే పోయారు. నీకు కబురు అందిందో లేదో తెలియదు. జీపులో ఆయన పక్కన కూర్చునే చిట్టియ్య కూడా నిరుడు పోయాడు. కాకినాడ వెళ్ళే ఓపిక లేదని డయాలసిస్ మానేశాడు. పన్నెండు రోజులు బతికాడు.

అసలు సంగతికి వస్తాను. మీ అన్నయ్య జీపు బాగు చేశాను. నేనే చేశాను, నా చేతులతో.

ఆ జీపు మూడేళ్ళు చర్చి ప్రహరీ పక్కన టార్పాలిన్ కింద ఉంది. అత్తయ్య దాని వైపు చూసేది కాదు. చర్చికి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి ఇంకో గేటు నుంచి వెళ్ళేది. ఇనప సామానువాళ్ళు ఎన్నోసార్లు అడిగారు. నేను ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అప్పుడు నాకే సరిగా తెలియదు.

ఆగస్టులో రత్తమ్మ గారు కాకినాడలో బస్సు దిగుతూ పడిపోయింది. ఆమె నీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజు జీపులో ఉన్న నలుగురిలో ఆమె ఒకరు. ఇప్పటికీ సోమవారం, గురువారం డయాలసిస్‌కి వెళ్తుంది. పేట నుంచి రామచంద్రపురానికి ఆటో, అక్కడి నుంచి బస్సు, మళ్ళీ ఆస్పత్రికి ఆటో. వచ్చేటప్పుడు మనిషి సగం అయిపోయి వస్తుంది. పడ్డ రోజున మోచెయ్యి కట్టుతో మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, నీ మొగుడు ఉన్నన్నాళ్ళూ మేం రోగులమని తెలీలేదమ్మా, పెళ్ళికెళ్ళినట్టు వెళ్ళొచ్చేవాళ్ళం అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. డ్రైవింగ్ లైసెన్సు మీ అన్నయ్య నాకు ఎప్పుడో తీయించాడు. జీపు తీయాలనుకున్నాను.

మెకానిక్కులెవరూ ముట్టుకోలేదు. ఒకాయన వచ్చి టార్పాలిన్ ఎత్తి చూసి, ఇది మనిషిని మింగిన బండండి, నాకు పిల్లలున్నారు అన్నాడు. ఇంకొకాయన వస్తానని రాలేదు. అప్పుడు ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. సగం హిందీ, సగం తమిళం. మాటలు అర్థం కాకపోయినా చేతులు అర్థమయ్యేవి. మీ అన్నయ్య స్పానర్ల పెట్టె మంచం కిందే ఉంది.

ఫిన్నీ, ఆ రోజు ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. జీపులో నువ్వూ లేవు, నేనూ లేను. రత్తమ్మ గారు చెప్పిందే రాస్తాను. రేడియేటర్ పాత పైపు పగిలిపోయి ఆ గురువారం జీపు కదల్లేదు, అందరికీ వంతు తప్పింది. శనివారం నువ్వు కొత్త పైపులు రెండూ, బెల్టూ వేసి తెచ్చావు. సోమవారం, మే పదహారు, నలుగుర్నీ ఎక్కించుకుని మీ అన్నయ్య బయల్దేరాడు. కరప దాటాక ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదకెళ్ళింది. బానెట్ కింద నుంచి ఆవిరి. ఆపాడు. నెత్తిన ఎండ, దగ్గర్లో చెట్టు నీడ కూడా లేదు. వెనక సీటులో మా నాన్న నోరు తెరిచి ఊపిరి లాగుతున్నారు. ఆస్పత్రిలో వంతు దాటిపోతే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. మీ అన్నయ్య కాసేపు ఆగాడట. నాన్న వైపు ఒకసారి చూశాడట. తువ్వాలు మడిచి రేడియేటర్ మూత మీద వేసి తిప్పాడు. ఒక్క మెలి తిప్పాడమ్మా అంది రత్తమ్మ గారు, ఒక్కటే మెలి. మరుగుతున్న నీళ్ళు ముఖం మీదకి, మెడ మీదకి, ఛాతీ మీదకి ఎగజిమ్మాయి.

తొమ్మిది రోజులు బతికాడు. నువ్వు అక్కడే ఉన్నావు, ఆ తొమ్మిది రోజులు రాయక్కర్లేదు. మా నాన్నకి మాత్రం ఆ సాయంత్రం డయాలసిస్ అందింది.

మొన్నే తమ్ముడు పైపులు వేశాడంట, సరిగా బిగించలేదంట అని ఎవరన్నారో మొదట తెలియదు. భూస్థాపన నాటికి ఊరంతా అదే మాట. ఎవరూ బానెట్ ఎత్తి చూసింది లేదు. సమాధి దగ్గర అత్తయ్య నీ రెండు చేతులూ పట్టుకుని, ఈ చేతులు పడిపోనురా, నా కొడుకుని తినేశాయి అంది. నువ్వు చేతులు విడిపించుకోలేదు. ఆమె వదిలేదాకా అలాగే నిలబడ్డావు. మర్నాడు నీ మంచం ఖాళీగా ఉంది. నలభయ్యో రోజు ఆదరణ కూటానికి వస్తావని చూశాం. రాలేదు.

అందుకే నేను బండి విప్పడం అంటే ఉత్తి రిపేరు కాదు. ఒక్కొక్కటీ చూడాలనుకున్నాను.

దసరా వెళ్ళాక మొదలుపెట్టాను. మధ్యలో తుపాను మూడు రోజులు తినేసింది. ముందు రేడియేటర్ అడుగున్న కుళాయి తిప్పి నీళ్ళు వదిలాను. నీళ్ళేమున్నాయి, తుప్పు రంగు బురద రెండు గ్లాసులు. తర్వాత నీ పైపులు. ఫిన్నీ, ఆ పైపులు ఊడలేదు. క్లిప్పులు వదులు చేసినా రాలేదు. మెలితిప్పాను, లాగాను, వేడినీళ్ళు పోశాను. చివరికి బట్ట కత్తెరతో నిలువునా చీల్చాల్సి వచ్చింది. చీల్చి లోపల చూస్తే క్లిప్పు బిగిసిన గుర్తు రబ్బరులో గాడిలా దిగి ఉంది. పైపులు సరిగా బిగించని మనిషి పని కాదది. ఆ ముక్కలు అత్తయ్యకి చూపించాలని దాచాను.

బెల్టు చూశాను, పగుళ్ళు లేవు. థర్మోస్టాట్ తీశాను, నీళ్ళు కాగాక నోరు తెరుచుకోవాలి కదా అది. దాన్ని పరీక్ష చేయడం వీడియోలో చూపించారు. కొత్తదీ పాతదీ రెండూ దారానికి కట్టి గంజి గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇదేంటి, ఇనుముతో పులుసు పెడుతున్నావా అంది. నవ్వడానికి అనలేదు, ఆమెకి భయంగా ఉంది. నీళ్ళు తెర్లే లోపే రెండూ ఒకదాని తర్వాత ఒకటి నోళ్ళు తెరిచాయి. పాతదాంట్లో కూడా దోషం లేదు.

రేడియేటర్ పైకెత్తడానికి ఇద్దరు కావాలి. అత్తయ్య వచ్చింది. నేను పిలవలేదు, తనే కొంగు బిగించుకుని వచ్చి రెండో వైపు పట్టుకుంది. రేకుల మధ్య పురుగులు, ఊక, ఎండిన బురద. అడుగు భాగం తుప్పు పట్టి వేలు పెడితే రాలిపోయింది. కాకినాడ నుంచి కొత్తది తెప్పించాను.

ఇక నీళ్ళ పంపు. ఫ్యాను విప్పి, పుల్లీ తీసి, పంపు బోల్టులు విప్పుతుంటే నాలుగోది తల తెగిపోయింది. సగం లోపల ఉండిపోయింది. ఆ రోజు జీపు పక్కన నేలమీద కూర్చుని ఏడ్చాను, అది ఎవరూ చూడలేదు. మర్నాడు వెంకటరాజు గారి దగ్గరికి వెళ్తే స్కూటరు మీద డ్రిల్లు పెట్టుకుని వచ్చారు. గంటసేపు ఓపిగ్గా దొలిచి ఆ ముక్క తీశారు. తుప్పు పట్టినదాన్ని ముందు కొంచెం బిగించి అప్పుడు వదలాలమ్మా, తిన్నగా విప్పబోతే తెగిపోద్ది అని చెప్పారు. తీసిన పంపుని చేతిలోకి తీసుకుని షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ ఆడించారు. నా వైపు చూశారు. పంపు నా చేతిలో పెట్టి, డ్రిల్లు సర్దుకుని వెళ్ళిపోయారు.

నేనూ ఆడించి చూశాను. షాఫ్టు గుంటలో పాతుకోని గుంజలా ఊగుతోంది. బేరింగు పోయింది, లోపలి సీలు పోయింది. పంపు అడుగున చిన్న కంత ఉంటుంది కదా, దాని కింద నుంచి ఎర్రటి చారిక ఇంజను మీద కిందిదాకా ఎండిపోయి ఉంది. నీళ్ళన్నీ అక్కడి నుంచే పోయాయి. పైపుల నుంచి ఒక్క బొట్టు పోలేదు.

పంపు కడిగి తుడిచి, పైపు ముక్కలతో సహా తీసుకెళ్ళి అత్తయ్య ఒళ్ళో పెట్టాను. ఫిన్నీ వేసినవి ఇవి, పాడైపోయింది ఇది అన్నాను. ఆమె చాలాసేపు ఆ షాఫ్టు వేళ్ళతో ఆడిస్తూ కూర్చుంది. కొత్త చూపుతో కదా, దగ్గరగా పెట్టుకుని మరీ చూసింది. ఇదా అంది. ఇదే అన్నాను. ఆడి పైపులు కావా అంది. కావత్తయ్యా అన్నాను. పంపుని కొంగులో చుట్టి మూలకి తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి ఒక మాట అడిగింది. మరి ఆడు అంత పనోడు కదా, బెల్టు ఏసేటప్పుడు ఇది ఆడి కంటికి కనపళ్ళేదేంటి అంది. నేను కొత్త పంపు వెనక నీళ్ళు కారకుండా వేసే ప్యాకింగ్ కత్తిరిస్తున్నాను. తల ఎత్తకుండా అట్ట తిప్పి రెండో అంచు కత్తిరించాను. ఆమె కాసేపు చూసి, పోన్లే, ఆణ్ణి రమ్మని రాయి అంది.

ప్యాకింగ్ అంటే నీకు నవ్వొస్తుందేమో, అట్ట కాగితం మీద పంపుని బోర్లించి చుట్టూ సుద్దతో గీసి జాకెట్టు మెడ కత్తిరించినట్టు కత్తిరించాను. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. నీళ్ళు పోస్తే కింద నుంచి కారింది. మళ్ళీ అన్నీ విప్పాను. పాత ప్యాకింగ్ ముక్క గోరంత అంటుకుని ఉండిపోయింది, అదే కారణం. బ్లేడుతో గీకి, ఇంకో ప్యాకింగ్ కత్తిరించి రెండోసారి బిగించాను. ఈసారి కారలేదు. కొత్త పైపులు వేశాను, కూలెంటు పోశాను, మూత పెట్టకుండా ఇంజను ఆన్ చేసి పై పైపుని పిసుకుతూ గాలి బుడగలు పోయేదాకా నిలబడ్డాను. పైపు వేడెక్కింది. మూత బిగించి ఊరి చివరిదాకా వెళ్ళొచ్చి మన ఇంటి ముందు ఆపాను.

వచ్చాక నీళ్ళు తగ్గాయేమో చూడాలి. అంటే మూత తీయాలి.

ఇంజను ఆపేసి మూడు గంటలు ఆగాను. చెయ్యి పెట్టి చూస్తే రేడియేటర్ చల్లగా ఉంది. అయినా మూత మీద చెయ్యి వేయలేకపోయాను. అత్తయ్య అంతసేపూ అరుగు మీద నుంచి చూస్తోంది. లేచి వచ్చి నన్ను భుజం పట్టుకుని పక్కకి జరిపింది. నువ్వు ఎడంగా నించో అమ్మాయ్, నేను తీస్తాను, నాకు పోయేదేముంది ఇంక అంది. తువ్వాలు కూడా అడగలేదు. ముఖం పక్కకైనా తిప్పుకోకుండా రెండు చేతులతో మూత తిప్పింది. ఏమీ కాలేదు. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి, కదలకుండా. ఇదేనా, దీని కోసమేనా అంది. అలా అని రేడియేటర్ మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. ఆమె అంత ఏడవడం భూస్థాపన రోజున కూడా నేను చూడలేదు.

మొన్న సోమవారం రత్తమ్మ గారినీ, పేటలో ఇంకో ముగ్గుర్నీ ఎక్కించుకుని కాకినాడ వెళ్ళాను. దారి పొడుగునా రోడ్డు కంటే ముల్లునే ఎక్కువ చూశాను. సగానికి వచ్చి అక్కడే నిలబడింది. కరప దాటాక రత్తమ్మ గారు ఇక్కడేనమ్మా అంది. నేను ఆపలేదు. నాలుగు గంటలు ఆస్పత్రి బయట చెట్టు కింద కూర్చుని, వాళ్ళు అయ్యాక తీసుకొచ్చాను. ఏ ఇబ్బందీ రాలేదు.

కాబట్టి ఫిన్నీ, నీ చేతి పనిలో తప్పు లేదు. ఇది నేను కళ్ళతో చూసి, చేతులతో పట్టుకుని చెప్తున్న మాట. అత్తయ్యకి తెలుసు. రత్తమ్మ గారి ద్వారా ఊరికీ తెలుస్తోంది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికి నీకు పదమూడేళ్ళు. మాకు పిల్లలు లేని లోటు నీతోనే మర్చిపోయాం. ఇంక నువ్వు అక్కడ ఎవరి షెడ్డులోనో ఉండాల్సిన పని లేదు. ఇంటికి రా.

ఇట్లు,
నీ వదిన,
దీవెన.

తా.క.: శనివారం, 15వ తేదీ.

పైదంతా రాసి బుధవారమే కవరు అంటించాను. మూడు రోజులు అది కుట్టు మిషను మీదే ఉంది. ఈ పొద్దున్న చించి ఉత్తరం మళ్ళీ బయటికి తీశాను. రాసినదంతా నిజమే. ఒక్కటి రాయలేదు.

పంపు సంగతి నీకు తెలుసు. ఆదివారం పని మీద వెళ్ళి రాత్రి అక్కడే ఉండిపోయి, ఆ సోమవారం పొద్దున్న ఏడింటికి నువ్వు మీ అన్నయ్య ఫోనుకి చేశావు. ఆయన వీధిలో జీపు తుడుస్తున్నాడు. ఫోను ఇంట్లో చార్జింగులో ఉంటే నేనెత్తాను. వదినా, పంపు షాఫ్టు ఆడుతున్నట్టు శనివారమే అనుమానం వచ్చింది, నిన్న వెంకటరాజు గారిని కూడా అడిగాను, కొత్తది రేపు వస్తుంది, అప్పటిదాకా బండి తియ్యొద్దని అన్నయ్యకి చెప్పు అన్నావు. తప్పకుండా చెప్పు అని రెండోసారి కూడా అన్నావు. సరే అన్నాను.

నేను చెప్పలేదు ఫిన్నీ.

మా నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. గురువారం వంతు తప్పడంతో కాళ్ళు, ముఖం ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడక తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. జీపు విషయంలో మీ అన్నయ్య నీ మాట జవదాటేవాడు కాదు. చెబితే ఆగిపోయేవాడు. పక్క ఊరి నుంచి ఇంకో బండి పిలిపించి ఉండొచ్చు. గంటో గంటన్నరో ఆలస్యమయ్యేది. ఆ గంట నాకు ఎక్కువ అనిపించింది. ఒక్కరోజే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, నీ కాల్ ఆయన కంట పడకుండా ఫోనులోంచి తీసేశాను. మర్చిపోయానని చెప్పుకునే దారి కూడా నేనే మూసేసుకున్నాను.

నువ్వు వార్డులో మూడో రోజున, చెప్పినా ఎందుకు తీశావన్నయ్యా అని ఆయన్ని అడిగావు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆయన కళ్ళకి కట్టు ఉంది. తప్పయిపోయిందిరా అన్నాడు నీతో. నువ్వు చెప్పావన్న సంగతి ఆయనకి తెలిసింది ఆ నిమిషంలోనే. ఎవరికి చెప్పి ఉంటావో కూడా ఆ నిమిషంలోనే తెలిసింది. నువ్వు మందులకి బయటికెళ్ళాక నన్ను పిలిచాడు. అడుగుతాడనుకున్నాను. గురువారం మామయ్య గారిని ఎవరు తీసుకొస్తున్నారు అని అడిగాడు. అంతే. పోయేదాకా ఇంకోమాట లేదు దాని గురించి.

సమాధి దగ్గర నువ్వు నేను ముందే చెప్పాను అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. పోయిన అన్నయ్యని మొండివాడని అనిపించడం ఇష్టం లేక అనలేదు. అత్తయ్య నీ చేతులు పట్టుకున్నప్పుడు నేను మీ ఇద్దరికీ మూరెడు దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన ముందు చెప్పలేననుకున్నాను. ఆయన పోయాక ఇంకో సాకు దొరికింది. అలా మూడున్నరేళ్ళు. నీకు రా అని మాత్రం రాసి, ఇది రాయకుండా ఉందామనే చూశాను. వస్తే నువ్వు మళ్ళీ ఆయన్నే తప్పుపట్టుకుంటూ ఈ ఇంట్లో నా చేతి అన్నం తింటావు. అది కుదరదు.

నిన్న సాయంత్రం అత్తయ్యకి చెప్పాను. నన్ను తిట్టలేదు. నా కొడుకు తెలుసుకునే పోయాడా అని అడిగింది. తెలుసుకునే పోయాడన్నాను. లేచి తన మంచం వరండాలోకి ఈడ్చుకుంది. పట్టుకోబోతే, ముట్టుకోకు అంది. ఈ పొద్దున్న తన అన్నం తనే వండుకుంది. నేను ఉత్తరం కింద ఇది రాస్తుంటే గుమ్మం అవతల నుంచే, ఆడి చేతుల్ని అన్న మాట నా నోటితోనే ఆడికి చెప్పుకోవాలి, రమ్మని రాయి అంది. నాతో ఇవాళ మాట్లాడింది అదొక్కటే.

అందుకని నువ్వు రావాల్సింది ఆమె కోసం. నా ముఖం చూడలేనంటే ఒక కార్డు ముక్క రాయి. నువ్వొచ్చేలోపు చర్చి వెనక గది అడిగి అందులోకి మారిపోతాను. జీపు నీదే, తాళాలు అత్తయ్య దగ్గర ఉంచుతాను. సోమవారం, గురువారం మాత్రం నాకివ్వు. రత్తమ్మ గారు ఏడింటికే వచ్చి కాలువ వంతెన దగ్గర నిలబడుతుంది.

దీవెన.